నకలే మన అసలు: పసుపు క్యాసెట్‌కు వెల కట్టేదెలా?

తొంభైల్లో టీవీకి తగిలించి ఆడుకున్న వీడియో గేమ్ క్యాసెట్ అది. స్టిక్కర్ మీద '9999999 ఇన్ 1' అని ఉంటుంది. లోపల గేములు మాత్రం ఏడెనిమిదికి మించవు, ఒక్కోసారి నాలుగే. మెనూలో కిందికి దిగేకొద్దీ అదే మారియో, అదే బ్యాటిల్ సిటీ, అదే రోడ్ ఫైటర్ మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. కాకపోతే ఒకటి మూడో లెవెల్ నుంచి మొదలవుతుంది, ఇంకొకటి ఐదో లెవెల్ నుంచి. గేమును పిలిచే ముందు మెనూ ప్రోగ్రాము మెమరీలో లెవెల్ నంబరు మార్చి వదులుతుంది, అంతే సంగతి. ఈ గారడీ తొంభైల్లో ప్రతి గుంటడికీ తెలుసు. తెలిసే ఆడారు.

ఆ గుంటలు ఇప్పుడు నలభైల్లో పడ్డారు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా పాత టీవీలు బాగుచేసే షాపు కనిపిస్తే ఆగి, "టీవీ గేమ్ క్యాసెట్లు ఏమైనా మిగిలాయా బాబూ?" అని అడుగుతున్నారు. అడిగేవాళ్లుంటే వెల పెరుగుతుంది, అందులో వింత లేదు. ఏ లెక్కన పెరుగుతోందన్నదే పేచీ. 2021 జులైలో అమెరికాలో సీలు తీయని 'సూపర్ మారియో 64' ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. ఆ వార్త ఫోన్లలో తిరిగాక, అటక మీద దొరికిన ప్రతి మారియో క్యాసెట్టూ అమ్మేవాడి కంటికి లంకెబిందెలా కనిపిస్తోంది. వేలంలో పోయింది వేరే మెషీన్ క్యాసెట్. ఫ్యాక్టరీ సీలు చెదరలేదు, గ్రేడింగ్ సంస్థ మార్కులేసి పెట్టెలో బిగించింది. ఆ ధరల పట్టికతో మన పసుపు క్యాసెట్‌ను కొలవడం అంటే చింతపండును తులాల్లో తూచడమే.

మన దగ్గరికి ఏమొచ్చిందో, ఎందుకొచ్చిందో తెలిస్తేనే వెల తెలుస్తుంది. నింటెండో కంపెనీ జపాన్‌లో ఫ్యామికామ్ అనే టీవీ గేమ్ మెషీన్‌ను 1983 జులై 15న విడుదల చేసింది. దాని క్యాసెట్‌కు 60 పిన్నులు, తాళం చిప్ లేదు. 1985లో అమెరికాకు పంపిన మోడల్‌కు 72 పిన్నులు పెట్టి, దొంగ క్యాసెట్లు నడవకుండా తాళం చిప్ కూడా చేర్చారు. నకళ్లు తీసేవాళ్లు తాళం లేని జపాన్ మోడల్ దారే పట్టారని వేరే చెప్పక్కర్లేదు. తైవాన్‌కు చెందిన యూఎంసీ కంపెనీ ఫ్యామికామ్ ప్రాసెసర్‌కు, బొమ్మ గీసే చిప్‌కు నకళ్లు చేసింది. మన టీవీల 50 హెర్ట్జ్ పద్ధతికి (సెకనుకు 50 సార్లు తెర గీయడం) తగ్గట్టు చేసిన జంట పేర్లు యూఏ6527పీ, యూఏ6538. పాత మెషీన్ విప్పితే ఈ అక్షరాలు కనబడాలి. వాటికి బదులు నల్లటి బొట్టు ఒక్కటే ఉంటే, అది మొత్తం మెషీన్‌ను ఒకే చిప్‌లో కుక్కిన తర్వాతి కాలపు సరుకు. వినియోగ వస్తువుల దిగుమతులపై మన దేశంలో ఉన్న ఆంక్షల్లో చివరివి 2001 ఏప్రిల్ 1 దాకా ఎత్తలేదు. అందుకే మన ఊళ్లకు లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లతో ఎక్కువగా నకళ్లే చేరాయి. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే చోటే వీటినీ అద్దెకిచ్చేవారు. టేపు ముక్క లేకపోయినా వీటికి 'క్యాసెట్' పేరే నిలిచిపోయింది.

కాబట్టి ఇక్కడ క్యాసెట్ చేతికివ్వగానే "ఇది ఒరిజినలేనా?" అని అడగడంలో అర్థం లేదు. ఏ కాలపు బోర్డు, అందులో ఏ గేము, పిన్నుల పరిస్థితి ఏమిటి? అడగాల్సినవి ఇవి.

ఇంకో మాట. 50 హెర్ట్జ్ వల్ల మన మెషీన్లలో ఆటలు జపాన్ వేగం కంటే దాదాపు 17 శాతం నెమ్మదిగా నడిచేవి. ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రాము) వేసి "మారియో ఇంత తొందరగా పరిగెత్తేవాడా?" అని ఆశ్చర్యపోయేవాళ్ల అనుమానం సరైనదే. సెట్టింగుల్లో రీజియన్‌ను 'డెండీ' అని మారిస్తే మన చిన్ననాటి వేగం తిరిగొస్తుంది. రష్యాలో అమ్ముడైన ఇలాంటి నకలు మెషీన్ పేరది. మన వాటి లోపల ఉన్నదీ అదే జాతి చిప్.

స్టిక్కర్‌ను నమ్మొద్దు, బోర్డును చూడండి

కాంట్రా గేము బొమ్మ ఉన్న డబ్బాలో సర్కస్ చార్లీ గేము ఉండొచ్చు. డబ్బా విప్పడానికి స్క్రూడ్రైవర్ దూర్చితే అంచులు చిట్లుతాయి. చాలావాటికి స్క్రూలుండవు, లోపలి కొక్కేలే పట్టి ఉంచుతాయి. పాత ఏటీఎం కార్డును పక్క సందులో పెట్టి నెమ్మదిగా జరిపితే ఒక్కో కొక్కెం టక్కుమని వదులుతుంది. స్క్రూ ఉన్న రకమైతే అది స్టిక్కర్ కింద దాక్కుని ఉండొచ్చు, ముందు వేలితో తడిమి చూడాలి.

విప్పాక, డబ్బా వెడల్పంతా పరుచుకున్న బోర్డు, కాళ్లున్న చిప్పులు, పక్కన 74తో మొదలయ్యే నంబరున్న చిన్న చిప్ ఒకటో రెండో కనిపిస్తే అది చాలామటుకు పాతకాలపు పని. బొటనవేలంత బోర్డు మీద నల్లబొట్టు ఉండి, డబ్బా తేలిగ్గా, స్టిక్కర్ నిగనిగలాడుతుంటే ఈమధ్య చేసిందని అనుమానించాలి. పసుపు క్యాసెట్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. వాటిని కొనుక్కుని ఆడుకోవచ్చు, 'తొంభైల నాటిది' అన్న మాటకు మాత్రం పైసా అదనంగా ఇవ్వక్కర్లేదు.

గేముల సైజు తెలిస్తే స్టిక్కర్ మీది అంకె కూడా తలకిందులుగా చదవొచ్చు. గెలాక్సియన్ మొత్తం 16 కిలోబైట్లు, సూపర్ మారియో బ్రదర్స్ 40 కిలోబైట్లు. పొద్దున్నే గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మలో ఇలాంటివి రెండు మూడు పడతాయి. కాంట్రా అలా కాదు, ఒక్కటే 128 కిలోబైట్లు. మెమరీ ఖరీదున్న రోజుల్లో అంకెల హడావుడి చేసినవాడు లోపల పెట్టింది చిన్న గేములే. నిజంగా నాలుగు పెద్ద గేములున్న '4 ఇన్ 1'కే అప్పట్లో ఎక్కువ ఖర్చయ్యేది. సేకరణలోనూ దానికే ఎక్కువ ఇవ్వడం న్యాయం. ఇక్కడ మాత్రం అమ్మకం బేరం ఇంకా తొమ్మిదులు లెక్కపెట్టుకునే సాగుతోంది!

ఏ పిన్ను ఏం చెబుతుంది

'పనిచేయట్లేదు' అని సగం ధరకు ఇచ్చేసే క్యాసెట్లలో చాలా వాటికి జబ్బు ఉండదు, మురికే ఉంటుంది. పిన్నులు వరుసకు 30 చొప్పున రెండు వరుసలు. 1 నుంచి 16, వాటి వెనక 31 నుంచి 46 ఉన్న సగం ప్రాసెసర్‌ది. మిగతా సగం బొమ్మ గీసే చిప్‌ది. ఇది గుర్తుంటే తెర చూసే జబ్బు చెప్పొచ్చు. తెర ఒకే రంగులో నిలిచిపోయి ఏమీ కదలకపోతే ప్రాసెసర్ సగంలో మురికి. పాట వస్తోంది, బటన్ నొక్కితే ఆట స్పందిస్తోంది, బొమ్మలు మాత్రం గళ్లగళ్లుగా, అక్షరాలు చెత్తగా ఉన్నాయంటే రెండో సగం చూడాలి. ఆట నిలకడగా ఉండి, తెర పక్కకు జరిగేటప్పుడు మాత్రమే వెనక బొమ్మ తప్పుగా అతుక్కుంటే 18వ పిన్ను. అంతా బాగుండి శబ్దం ఒక్కటే లేకపోతే 45, 46. ఫ్యామికామ్ శబ్దాన్ని క్యాసెట్‌లోకి పంపి, అక్కడి నుంచి వెనక్కి తీసుకుంటుంది. క్యాసెట్‌లో ఆ రెండు పిన్నులూ కలిసి ఉండాలి, ఒకటి అంటుకోకపోయినా మూగబోతుంది.

శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక జిగురు పొర మిగులుతుంది. కిరోసిన్‌దీ అదే దోషం. దూది పుల్లను తడిపి పిన్ను పొడవునా పైనుంచి కిందికి తుడవాలి. అడ్డంగా రుద్దితే ఒక పిన్ను మురికి పక్కదానికి చేరుతుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. పచ్చ చిలుము వదలని చోట మాత్రమే తెల్ల ఎరేజర్‌తో నాలుగైదు సార్లు రుద్ది, పొడి దులిపి, మళ్లీ ఆల్కహాల్ పెట్టాలి. ఈ పిన్నుల మీద పూత అసలే పల్చన. ఉప్పుకాగితం పెట్టారంటే రాగి బయటపడి, వచ్చే వర్షాకాలానికి ముందుకంటే ఎక్కువ చిలుము పడుతుంది.

నోటితో ఊదే అలవాటుకు అందరూ స్వస్తి చెప్పాలి. ఊదినప్పుడు పనిచేసింది గాలి కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్త చోట ఆనడం. ఊపిరి తేమ మిగిల్చేది తుప్పునే.

మెషీన్ స్లాట్‌లోకి దూది పుల్ల పట్టదు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, క్యాసెట్ బోర్డు మందం 1.2. కార్డుకు పల్చటి నూలుగుడ్డ ఒక్క మడత చుట్టి, ఆల్కహాల్ చల్లి, పదిసార్లు పెట్టి తీస్తే చాలు. రెండు మడతలు చుడితే స్ప్రింగులు సాగిపోయి, అప్పటిదాకా బాగా నడిచిన క్యాసెట్లు కూడా వదులవుతాయి.

అడాప్టర్ విషయంలో ఒక్కటే హెచ్చరిక. నకలు మెషీన్లలో ఎక్కువ 9 వోల్టులవి, లోపల 7805 అనే రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులకు దించుతుంది. దానికి కనీసం 7 వోల్టులు అందాలి. ఫోన్ ఛార్జర్ తీగ కత్తిరించి అతికిస్తే లోపలికి మూడు, మూడున్నర వోల్టులే చేరతాయి. తెర మీద చెత్త చూసి క్యాసెట్‌ను తిట్టుకుంటారు. పాత 9 వోల్టుల అడాప్టర్ ఖాళీగా ఉన్నప్పుడు మీటర్ 12, 13 చూపిస్తే కంగారు అక్కర్లేదు, మెషీన్ కరెంటు లాగడం మొదలెట్టగానే దిగుతుంది. జాక్ మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది మాత్రం మెషీన్ మీది గుర్తు చూసి సరిపోల్చుకున్నాకే స్విచ్ వేయాలి. అసలు ఫ్యామికామ్‌కు మధ్యలో మైనస్. తిరగేసి పెడితే రెగ్యులేటర్‌తో పాటు మిగతావీ కాలతాయి.

బాతుల ఆట తుపాకీ కొనేవాళ్లు ముందు పిక్చర్ ట్యూబ్ టీవీ చూసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీలోని కన్ను ఆ మెరుపు కోసం చూస్తుంది. ఎల్‌సీడీ తెర దాన్ని ఆలస్యంగా, వేరే తీరున చూపిస్తుంది కాబట్టి ఎంత గురిపెట్టినా తగలదు. తుపాకీని రిపేరుకివ్వడం దండగ.

ఉప్పుగాలి, తుపాను, అటక

హైదరాబాద్ సేకర్తల సలహాలు ఇక్కడ అన్నీ చెల్లవు. కళింగపట్నం నుంచి ఉద్దానం దాకా, ఇటు భోగాపురం తీరాన, గాలిలోనే ఉప్పుంది. దానికి తోడు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. నీళ్లలో నానిన క్యాసెట్‌ను 'ఆరిందిలే' అని మెషీన్‌లో పెట్టడమే అన్నిటికంటే పెద్ద తప్పు. బురద ఆరినా ఉప్పు బోర్డు మీదే ఉంటుంది, కరెంటు తగిలితే పిన్నుల మధ్య దారి కట్టేస్తుంది. డబ్బా విప్పి, బోర్డును డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్ పోసి, నీడలో రెండు రోజులు ఆరనివ్వాలి. నల్లబొట్టు రకాల్లో తేమ బొట్టు కిందికి దూరితే లోపలి వెంట్రుక తీగలు తెగుతాయి, దానికిక మందు లేదు.

రేకుల ఇంట్లో అటక మీద దాచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. గాలి చొరని ఐదు లీటర్ల డబ్బాలో 50 గ్రాముల సిలికా జెల్ వేసి బీరువాలో పెట్టుకుంటే సరి. రంగు మారే రకం కొంటే తేమ పీల్చిన సంగతి కంటికే తెలుస్తుంది, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే మళ్లీ పనికొస్తుంది. బొద్దింకలకని కలరా ఉండలు మాత్రం వేయకండి, వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. పసుపెక్కిన పాత కంప్యూటర్లను తెల్లబరచడానికి చేసినట్టు హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించే ప్రయోగాలూ వద్దు. మన క్యాసెట్ పసుపు పుట్టుకతో వచ్చింది!

లోపలి గేమును ఫైలుగా తీసి దాచడం సేకరణలో సగం పని కావాలి. క్యాసెట్‌లోని డేటాను ఫైలుగా తీసే డంపర్ పరికరంతో పిన్నుల ద్వారానే చదవొచ్చు, చిప్ పీకక్కర్లేదు. అయితే 'ఇన్ 1' రకాలను మామూలు క్యాసెట్ లెక్కన చదివిస్తే మొదటి 32 కిలోబైట్లు, అంటే మెనూ ఉన్న ముక్క మాత్రమే వస్తుంది. మిగతావి రావాలంటే ఆ బోర్డు మెమరీ ముక్కలను (బ్యాంకులను) మార్చే పద్ధతిని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. చట్టప్రకారం చూస్తే, ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవాళ్లు పోకుండా దాచుకునే నకలు తీసుకోవచ్చని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. నకలు క్యాసెట్ ఉన్నవాడు 'న్యాయంగా' కలిగి ఉన్నట్టా అన్నది తేలిక ప్రశ్న కాదు. అమ్ముకోవడానికి, పంచిపెట్టడానికి మాత్రం ఆ సెక్షన్ రక్షణ ఇవ్వదు.

ఇక వెల. పనిచేసే మామూలు '9999999' కావాల్సినన్ని దొరుకుతాయి, దానికి బిర్యానీ ధర కంటే ఎక్కువ ఇవ్వాల్సిన పని లేదు. కాళ్ల చిప్పులున్న పాత బోర్డుకు, పెద్ద గేములున్న '4 ఇన్ 1'కు, యూఎంసీ జంట చిప్పులున్న మెషీన్‌కు బేరమాడి ఎక్కువే ఇవ్వొచ్చు. ఇవన్నీ ఇంకోచోటా దొరుకుతాయి. ఇక్కడ తప్ప దొరకనిది ఒకటుంది: గంటల లెక్కన అద్దెకిచ్చిన షాపువాడు స్టిక్కర్ మీద మార్కర్‌తో రాసుకున్న నంబరు, షాపు పేరు, ఊరు. కొనేవాళ్లలో చాలామంది దాన్ని మరకగా చూసి ముందు దాన్నే తుడిచేస్తున్నారు. విప్పకముందే దాన్ని ఫొటో తీసి, ఎవరి దగ్గర, ఏ ఊళ్లో కొన్నారో పక్కన రాసుకోవాలి. పిన్నులు తుడిచేటప్పుడు ఆల్కహాల్ పుల్లను స్టిక్కర్ వైపు పోనివ్వకండి. ఒక్క చుక్క చాలు, ముప్పై ఏళ్లు నిలిచిన మార్కర్ సిరా రెప్పపాటులో కరిగిపోతుంది.