ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన ఫిల్ము చిరంజీవి కాదు

ఫిల్ము రీళ్ల గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. నేను ఫిల్ము కెమెరా వాడతానని తెలిసిన ప్రతివాళ్లూ “అన్నా, ఇది చూశావా?” అంటూ పంపుతున్నారు. అందులోని మాటలు ఇవి: ఫ్రీజర్‌లో పెట్టిన రీలు ఎన్నేళ్లయినా చెడదు. బయటికి తీశాక చల్లదనం పోకముందే కెమెరాలో ఎక్కించాలి. అక్కడికక్కడే ఫొటో వచ్చే పోలరాయిడ్ ప్యాకెట్లకూ ఇదే పద్ధతి. ఫ్రీజర్‌లో ఉంచిన ఫిల్మును ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే ఏమీ చేయదు. డబ్బాలో గుప్పెడు బియ్యం వేస్తే తేమ పట్టదు. గడువు దాటినా పెట్టె మీది ఐఎస్‌ఓతోనే (ఫిల్ము వెలుగును ఎంత త్వరగా పడుతుందో చెప్పే అంకె) తీయొచ్చు. అమెరికాలో నేల కింద మైనస్ 20 డిగ్రీల్లో పాత ఫొటోలు దాస్తున్నారు కాబట్టి, ఇంట్లో ఉన్న పాత నెగటివ్‌లన్నీ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పడేయండి.

ఆ చివరి మాట చదివాక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు “ఎన్నేళ్లయినా చెడదు” సంగతి. చలి ఎమల్షన్‌లో, అంటే ఫిల్ము మీద వెలుగు పట్టే జిలెటిన్ పూతలో జరిగే రసాయన మార్పుల్ని బాగా నెమ్మదింపజేస్తుంది. కలర్ ఫిల్ములోని పొరలన్నీ వేడికి ఒకే వేగంతో పాడవవు కాబట్టే, రెండు ఎండాకాలాలు బీరువాలో మగ్గిన రీలులో నీడలు ఒక రంగుకీ వెలుగులు ఇంకో రంగుకీ తిరుగుతాయి. దాన్ని చలి అడ్డుకుంటుంది, నిజమే. కానీ ఆకాశం నుంచీ నేల నుంచీ నిత్యం వచ్చే రేడియేషన్‌ను ఫ్రిజ్ తలుపు ఆపదు. అది ఫిల్మును ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఫాగ్ చేస్తూనే, అంటే తెరపట్టినట్టు మసకబారుస్తూనే ఉంటుంది. ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ ఆ దెబ్బ పెరుగుతుంది. ఐఎస్‌ఓ 50, 100 బ్లాక్ అండ్ వైట్ రీళ్లు ఫ్రీజర్‌లో దశాబ్దాలు నిలుస్తాయి. ఐఎస్‌ఓ బాగా ఎక్కువున్న ఇల్ఫర్డ్ డెల్టా 3200ను అలా దాచి తీసి చూడండి, బొమ్మంతా బూడిదరంగు తెర. కొడాక్ తన సినిమా ఫిల్ముకు చెప్పే లెక్క ఇది: 6 నెలల లోపు వాడేస్తే 13 డిగ్రీలు చాలు, అంతకు మించి దాచాలంటే మైనస్ 18 నుంచి మైనస్ 23. ఈ దసరాకి వాడేసే నాలుగు రీళ్లకు ఫ్రిజ్ కింది అర సరిపోతుంది.

పోలరాయిడ్ ప్యాకెట్ లోపల రసాయనపు ముద్ద ఉంటుంది, గడ్డకడితే పాడవుతుంది. కంపెనీయే ఫ్రీజర్‌లో పెట్టొద్దంటుంది. ఎక్స్‌రేకు చలితో సంబంధం లేదు. రీళ్లు చెక్-ఇన్ బ్యాగులో వేయకండి, సీటీ స్కానర్‌లోకి పంపకండి, చేత్తో చూడమని అడగండి. బియ్యం వేస్తే ఫిల్ముకు పిండి దుమ్ము అంటుకుంటుంది, అంతే. సిలికా జెల్ పొట్లాలు దొరకని ఊరేమీ లేదు. అయినా కంపెనీ సీలు విప్పని రీలుకు అవీ అక్కర్లేదు.

చల్లదనం పోకముందే ఎక్కించాలట! ఇది రాసిన మనిషి విజయవాడలో వర్షాకాలంలో ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి బల్ల మీద ఎప్పుడూ పెట్టలేదా? సీసాకు పట్టే చెమటే ఫిల్ముకూ పడుతుంది. తడిసిన జిలెటిన్ ఉబ్బి, జిగురెక్కి, చుట్టలో పక్క పొరకు అంటుకుంటుంది. వెనక కాగితంతో కలిపి చుట్టి వచ్చే 120 రీలైతే ఆ కాగితం మీది అంకెలు బొమ్మ మీదకు దిగుతాయి. చలికి బిరుసెక్కిన ఫిల్ము రంధ్రాల దగ్గర చిరుగుతుంది. గబగబా రివైండ్ చేస్తే స్టాటిక్ వల్ల మెరుపుల్లాంటి గీతలు పడతాయి. సీలు విప్పకుండా, డబ్బాతో సహా బయట పెట్టి ఆగాలి. 35 ఎంఎం రీలుకు కనీసం 2 గంటలు, 100 అడుగుల బల్క్ చుట్టకు ఒక రోజు. నేనైతే ముందురోజు రాత్రే తీసిపెడతాను. పెళ్లి ముహూర్తం పొద్దున్న తీసి ఎక్కించేవాళ్లకు తర్వాత ల్యాబువాడిని తిట్టే హక్కు లేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. గ్రూపుల్లో అందరూ వెక్కిరించిన ఐఎస్‌ఓ మాట చాలావరకు సరైనదే. గడువు దాటిన ప్రతి పదేళ్లకూ ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగివ్వాలన్న లెక్క బయట వేడికి మగ్గిన ఫిల్ముకు చెప్పింది. కొన్ననాటి నుంచీ ఫ్రీజర్‌లోనే ఉన్న తక్కువ ఐఎస్‌ఓ రీలుకు దాన్ని అంటగట్టనక్కర్లేదు. నెగటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే స్లయిడ్ ఫిల్ముకు అంటగడితే బొమ్మ తెల్లగా తేలిపోతుంది. అయితే “ఫ్రీజర్‌లోనే ఉందండీ” అని అమ్మేవాడి మాట నమ్మకుండా, ఆ లాటులో ఒక రీలు ముందు తీసి కడిగించి చూసుకోండి.

ఇక నెగటివ్‌లు. అమెరికా మాట అబద్ధం కాదు. పెన్సిల్వేనియాలో ఒకప్పటి సున్నపురాయి గనిలో బెట్‌మన్ ఆర్కైవ్ అనే పాత ఫొటోల భారీ సేకరణను మైనస్ 20 డిగ్రీల్లో దాచారు. అసిటేట్ అనే ప్లాస్టిక్ బేసు మీది నెగటివ్ 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నచోట సుమారు 40, 50 ఏళ్లకు పాడై వెనిగర్ వాసన వేయడం మొదలెడుతుందని రోచెస్టర్‌లోని ఫొటోల మన్నికపై పనిచేసే ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. మన ఇళ్లలో 21 డిగ్రీలు ఏడాదికి ఎన్నాళ్లుంటాయి? కాబట్టి చలి మంచిదే. కానీ ఆ గనిలో వేడితో పాటు తేమనూ అదుపు చేస్తారు. ఈ మెసేజ్ ఆ సగం వదిలేసి, కూరగాయల కవరు చేతికిచ్చింది.

ఆ కవరు తేమను ఆపదు. శ్రావణమాసంలో ముడివేస్తే శ్రావణమాసపు గాలే లోపల ఉంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచు కరిగించిన ప్రతిసారీ నీళ్లు కారతాయి. ఏ పండక్కో కవరు తీసి అందరి ముందూ విప్పుతారు. చల్లటి నెగటివ్ మీద నీరు చేరి, జిలెటిన్ నెగటివ్ ఉంచిన ప్లాస్టిక్ స్లీవ్‌కు (తొడుగుకు) అతుక్కుంటుంది. లాగితే బొమ్మ స్లీవ్‌తో పాటు ఊడి వస్తుంది. కొత్త రీలు పాడైతే ఇంకోటి కొనుక్కుంటాం. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము మీద మీ తాతగారు తీసిన నెగటివ్ పోతే ఎవర్ని అడుగుతారు? ఆ స్టూడియోలు మూతపడ్డాయి, ఆ ఫిల్ము తయారీ ఆగిపోయింది, ఆ మనుషులూ లేరు. గాజు పలకల నెగటివ్‌లైతే అసలు గడ్డకట్టించకూడదు, ఎమల్షన్ గాజును వదిలేసే ప్రమాదం ఉంది.

పెట్టాలనే ఉంటే ముందు స్కాన్ చేయించండి. వెనిగర్ వాసన వచ్చేవాటిని వేరు చేయండి, ఆ ఆవిరి మిగతావాటినీ తినేస్తుంది. నెగటివ్‌లను ఆమ్లం లేని కాగితపు కవర్లలోకి మార్చి, పొడిగా ఉన్న ఏసీ గదిలో కొన్నాళ్లు ఉంచి, అదే గదిలో అట్టపెట్టెలో సర్ది, గాలి పిండేసి రెండు మందపాటి జిప్ కవర్లలో ఒకదానిలో ఒకటి మూసి అప్పుడు పెట్టండి. ఇంత ఓపిక లేకపోతే లోపలి గదిలో, ఎండ తగలని గోడ పక్కన ఉన్న స్టీలు బీరువా మేలు. అటక మీద, వంటింట్లో వద్దు.

మెసేజ్ చూసి ఇప్పటికే పెట్టేసినవాళ్లు దయచేసి కంగారుగా విప్పకండి. ఆ కవరును ఉన్నదున్నట్టుగా, ఫ్రీజర్ దగ్గరే, ఒక జిప్ కవరులో వేసి గాలి తీసి మూయండి. ఒక రాత్రి ఫ్రిజ్ కింది అరలో, తర్వాత పూర్తిగా ఒక రోజు ఏసీ గదిలో ఉంచండి. పైన చెమట ఆరి, చేతికి చల్లగా తగలనప్పుడే తెరవండి. ఏదైనా స్లీవ్‌కు అతుక్కుని ఉంటే లాగొద్దు. అలాగే ఉంచి, పాత నెగటివ్‌లు బాగుచేయడం తెలిసినవాళ్లకు చూపించండి.