గుట్టకో మనిషి కావాలి

పూరీ యాత్ర ప్యాకేజీలో ఉదయగిరి, ఖండగిరులకు దక్కేది మహా అయితే గంట. జగన్నాథుడి దర్శనం, కోణార్క్, లింగరాజ ఆలయం అయ్యాక, రైలుకు ఇంకా టైముంటే బస్సును అటు తిప్పుతారు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వెళ్లిన మనవాళ్లు ఆ గంటలోనే మెట్లెక్కి, కోతులను అదిలించి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఆ మాత్రం చూసినా మంచిదే. భువనేశ్వర్ శివార్లలో ఎదురెదురుగా ఉన్న ఆ రెండు గుట్టల్లో ఒకదాని మీద 18, మరొకదాని మీద 15 గుహలున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట జైన మునులు వానాకాలం తలదాచుకోవడానికి తొలిపించిన గదులవి. చాలా గదుల్లో నిటారుగా నిలబడలేం. లోపలికి పోయేకొద్దీ నేల కాస్త ఎత్తుగా ఉంటుంది, తలగడకు బదులు. రెండంతస్తుల రాణీగుంఫా గుహ శిల్పాలు చూసినవాళ్లకు ఆ చిన్న గదులు ఆనవు కానీ, ముని జీవితం ఎంత ఇరుకో తెలిసేది వాటిలోకి వంగి దూరినప్పుడే.

ఉదయగిరి మీది హాథీగుంఫా కప్పు కింద ఖారవేలుడి శాసనం ఉంది. 17 పంక్తులు, ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. జైనులు కొలిచే అర్హంతులకు, సిద్ధులకు నమస్కారంతో మొదలవుతుంది. ఆ కళింగ రాజు తన పాలన రెండో ఏట శాతవాహన రాజు శాతకర్ణిని లెక్క చేయకుండా పడమటికి సైన్యాన్ని పంపాడని, అది కణ్హబెంణా నది దాకా వచ్చిందని అందులో ఉంది. ఆ నది మన కృష్ణే అని కొందరు పండితులు, కాదు వైన్‌గంగ వైపుదని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కృష్ణ ఒడ్డున బతికే మనకు ఆ వాదన ఆసక్తి కలిగించాలి. గైడు చెబితేనే కదా!

అక్కడ గైడున్నాడు, కాపలా ఉంది, టికెట్ కౌంటర్ ఉంది, కేంద్ర పురావస్తు శాఖ బోర్డుంది. ఇక ఇంటికొద్దాం. దక్షిణ తెలంగాణలో జైనం తక్కువ కాలం లేదు, తక్కువ చోట్లా లేదు. కల్యాణి చాళుక్యుల కాలంలో కొలనుపాక పెద్ద పట్టణం, పేరున్న జైన క్షేత్రం. బిజినేపల్లి మండలంలోని నందివడ్డెమాన్ ఒకప్పటి వర్ధమానపురం, వర్ధమానుడంటే మహావీరుడే. జడ్చర్ల మండలం ఆల్వాన్‌పల్లి పొలాల్లోని గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన జైన ఆలయం. రాతి గుళ్ల దేశంలో ఇటుక గుడి అంత ఎత్తున, అన్ని శతాబ్దాలు నిలవడమే అబ్బురం. అక్కడ దొరికిన తీర్థంకరుల శిల్పాలను మ్యూజియాలకు తరలించారు. గుడి మాత్రం ఉన్నచోటే ఉంది.

వీటిలో జనం బాగా వెళ్లేది కొలనుపాకకే. ఆలేరు స్టేషన్ దగ్గరుండటం ఒక కారణం. అసలు కారణం వేరు. అది పూజలందుకుంటున్న తీర్థం. దేశం నలుమూలల నుంచి భక్తులొస్తారు, వాళ్లకు భోజనం, బస చూసేవాళ్లున్నారు, తలుపు తీసేవాళ్లు, వేసేవాళ్లు ఉన్నారు. పూజ ఆగిపోయిన చోట మనిషి లేడు. మనిషి లేని చోట మందు సీసాలున్నాయి, పెయింటుతో రాసిన ప్రేమికుల పేర్లున్నాయి, గుప్తనిధుల కోసం తవ్విన గుంతలున్నాయి. తీర్థంకరుడి పీఠం కింద బంగారం ఉంటుందన్న పిచ్చి నమ్మకానికి ఎన్ని విగ్రహాలు బలయ్యాయో! అన్నీ వదులుకుని, ఒంటి మీది బట్ట కూడా విడిచినవాళ్ల పీఠాల కింద నిధి వెతకడం మనకే చెల్లింది.

యాదగిరిగుట్ట దగ్గరి సైదాపురంలో 1034 నాటి శాసనం ఒకటుంది. చాళుక్య జగదేకమల్ల జయసింహుడి ఆస్థాన వైద్యుడు అగ్గలయ్యది. జైనుడు, శస్త్రవైద్యంలో దిట్ట. ఆయన పేరుతోనే హనుమకొండలో అగ్గలయ్య గుట్ట ఉంది. పెద్ద గుండుకు తొలిచిన నిలువెత్తు తీర్థంకరులున్న ఆ గుట్ట ఏళ్ల తరబడి ముళ్లపొదల్లో ఉండి, వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకం పుణ్యమా అని మెట్లు, దారి తెచ్చుకుంది. తలుచుకుంటే చేయగలమని అక్కడ తేలిపోయింది. మరి శాసనం దొరికిన సైదాపురం సంగతి? వెయ్యేళ్ల కిందటి మన డాక్టరు పేరు జిల్లాలోని మెడికల్ కాలేజీ పిల్లలకైనా ఎవరైనా చెప్పారా?

ఇలాంటి చోటికి వచ్చేవారికి ఏం కావాలో ఆనాటి దాతలకు మనకంటే బాగా తెలుసు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో జైన దేవత చక్రేశ్వరినీ జినులనూ చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం వేయించాడు. అందులోని తెలుగు కంద పద్యాలు మన భాషకు ప్రాచీన హోదా కోసం చూపిన ఆధారాల్లో ముఖ్యమైనవి. ఆ శాసనంలో మాకు మరీ నచ్చిన సంగతి వేరే ఉంది. బొమ్మలతో ఊరుకోలేదాయన. త్రిభువనతిలకమనే బసది, అంటే జైన ఆలయం, కట్టించాడు, కవితాగుణార్ణవమనే చెరువు తవ్వించాడు, మదనవిలాసమనే తోట వేయించాడు. గుట్ట ఎక్కి వచ్చినవాళ్లకు దాహమవుతుంది, ఎండ తగులుతుంది అన్న ఆలోచన పదో శతాబ్దపు మనిషికి ఉంది. ఇప్పుడు మన గుట్టల కింద తాగడానికి గుక్కెడు నీళ్లుండవు, నిలబడటానికి చెట్టు నీడ ఉండదు. నిధులొస్తే మాత్రం ముందుగా వచ్చేది ‘ఐ లవ్’ అని రాసిన రంగుల బోర్డు!

తప్పంతా ఊరివాళ్ల మీదికి నెట్టేవాళ్లతో మేం ఏకీభవించం. నిజానికి చాలా విగ్రహాలు ఈ మాత్రం మిగిలాయంటే ఊరివాళ్లు మొక్కబట్టే. పడగ కింద నిలబడ్డ పార్శ్వనాథ తీర్థంకరుణ్ణి నాగదేవుడనుకుంటే ఏం నష్టం? హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలున్న గుహలోనే అమ్మవారు కొలువైంది, గుట్ట కింద బతుకమ్మలు ఆడుతున్నారు. పసుపు కుంకుమలు కడిగితే పోతాయి. పోనిది ఆయిల్ పెయింట్. శాసనం ఫొటోలో బాగా కనబడాలని అక్షరాల మీద చాక్‌పీసు, సున్నం రుద్దే చరిత్ర ప్రియులూ తక్కువేం తినలేదు.

వీటన్నిటికంటే పెద్ద ముప్పు క్వారీ. విరిగిన విగ్రహాన్ని అతికించొచ్చు, పూడిన దారిని తెరవొచ్చు. గుట్టనే కోసి లారీకెత్తితే ఇక చేసేదేమీ లేదు. బొమ్మలగుట్టకూ గ్రానైట్ తవ్వకాల సెగ తగిలింది, భాషాభిమానులు, స్థానికులు గొడవ చేస్తే గానీ కదలిక రాలేదు. కేంద్ర రక్షణలోని కట్టడాలకైతే, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణతో చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కానీ ఆ జాబితాలో తెలంగాణ నుంచి ఉన్నవి చార్మినార్, గోల్కొండ, రామప్ప వంటి కొన్నే. మిగిలిన వాటికి దిక్కు రాష్ట్ర వారసత్వ చట్టం. 2017లో చేసిన ఆ చట్టం జాబితాకెక్కిన వాటిని కాపాడుతుంది సరే, జాబితా బయటి గుట్టల మాటేమిటి? క్వారీ లీజు ఇచ్చే ముందు ఆ గుట్ట ఎక్కి చూసొచ్చి, పైన శాసనం గానీ శిల్పం గానీ గుహ గానీ లేదని పురావస్తు శాఖ సంతకం పెట్టాకే ఫైలు కదలాలి. ఇందుకు కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

బడ్జెట్ కావాల్సింది మనిషికి. గుట్టకో మనిషిని పెట్టమని మేం అడుగుతున్నాం. పీహెచ్‌డీ చేసినవాడు కానక్కర్లేదు. ఇప్పటికీ బయటి నుంచి ఎవరైనా వస్తే ఆ శిల్పం ఏ గుండు వెనకుందో చూపించేది మేకల కాపరే. ఏ దొనలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయో, తేనెతుట్టె ఎక్కడుందో అతనికే తెలుసు. అలాంటివాణ్ణో, ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లనో పిల్లాడినో తీసుకుని, పురావస్తు శాఖ వాళ్లతో నాలుగు రోజులు ట్రైనింగ్ ఇప్పించి, నెల జీతం ఇవ్వాలి. ఎవరైనా గడ్డపార పట్టుకుని వస్తే పోలీసులకు ఫోన్ చేయడం, వచ్చినవాళ్లకు కథ చెప్పడం, శాసనం జోలికి పోనీయకపోవడం, పని ఇంతే. సిబ్బంది లేరు అని ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చే ప్రభుత్వం, రోప్‌వేల ప్రతిపాదనలు మాత్రం హుషారుగా తయారుచేయడం మాకు మింగుడుపడటం లేదు. ఒక్క రోప్‌వే సర్వే ఖర్చుతో ఎంతమంది కాపలాదారులకు జీతాలొస్తాయో లెక్కేసి చెప్పాలి.

పాలమూరు జిల్లా అధికారులు గొల్లత్తగుడితోనే మొదలుపెట్టవచ్చు. 44వ నంబర్ జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతి బస్సూ జడ్చర్ల మీదుగానే పోతుంది. అక్కడ కనబడేలా తెలుగులో ఒక సూచిక బోర్డు, గుడి దగ్గర నాలుగు వేపచెట్లు, ఒక బోరింగు, జీతం తీసుకునే ఒక ఆల్వాన్‌పల్లి మనిషి ఉంటే చాలు. వచ్చే డిసెంబర్‌లో స్కూళ్లు పిక్నిక్ బస్సులు మాట్లాడుకునే లోపు ఇది అయిపోవాలి.