నాలుగేళ్ళకి స్నాగ్ పట్టడం రాదు బాబూ

సైన్యంలోకి కుర్రాళ్ళని నాలుగేళ్ళకే తీసుకునే అగ్నివీర్ స్కీమ్ మీద టీవీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఇంత గోల జరిగింది కదా, పెన్షన్ గురించి మాట్లాడారు, బోర్డర్‌లో కాపలా గురించి మాట్లాడారు, హ్యాంగర్‌లో నిలబడి విమానం రిపేరు చేసేవాడి ఊసు మాత్రం ఒక్కడూ ఎత్తలేదు. తుపాకీ పట్టడం నాలుగేళ్ళలో వస్తుందో రాదో ఆ పని చేసినోళ్ళు చెప్పాలి, నాకు తెలీని విషయంలో వేలు పెట్టను. ఎయిర్‌ఫోర్స్‌లో ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్ పని చేసి బయటికొచ్చినవాడిగా చెప్తున్నా, ఏవియానిక్స్ టెక్నీషియన్ నాలుగేళ్ళలో తయారవడు.

"ఏముంది బావా, పాడైన డబ్బా పీకి కొత్తది పెట్టడమేగా" అన్నాడు మా బావమరిది. వాడు సాఫ్ట్‌వేర్ లెండి, ఏదైనా రీస్టార్ట్ చేస్తే సరిపోతుందనుకునే రకం. కొంత నిజమే, ఇప్పటి ఫైటర్లలో రేడియో, ఎత్తు కొలిచే రేడియో ఆల్టిమీటర్, మనవాడో శత్రువో గుర్తుపట్టే ఐఎఫ్ఎఫ్, మిషన్ కంప్యూటర్ అన్నీ ఎల్ఆర్‌యూలే, అంటే విమానం దగ్గరే ఊడదీసి మార్చేయగల డబ్బాలు, పైగా చాలావాటికి బైట్ ఉంటుంది, తనని తానే టెస్ట్ చేసుకుని పాసో ఫెయిలో చెప్పేస్తుంది. డబ్బా పూర్తిగా చచ్చిపోతే అసలు గొడవే లేదు. చచ్చీ చావకుండా ఉంటుంది చూశారా, అదీ మనతో మూడు చెరువుల నీళ్ళు తాగించేది.

పైలట్ దిగి ఫారం 700లో, అంటే ఆ విమానం రికార్డు పుస్తకంలో, స్నాగ్ (కనిపించిన లోపం) రాస్తాడు, గట్టిగా టర్న్ తిప్పినప్పుడు డిస్‌ప్లేలో ఫలానా డేటా రెండు సెకన్లు పోయి మళ్ళీ వచ్చింది అని. మనం గ్రౌండ్ పవర్ పెట్టి బైట్ రన్ చేస్తాం, అన్నీ ఓకే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళగానే బండి చప్పుడు ఆగిపోతుందే, అచ్చం అలాగే. ఎందుకంటే కింద నిలబడ్డ విమానానికి ఆ వైబ్రేషన్ లేదు, పైన ఉండే చలి లేదు, టర్న్‌లో మీద పడే బరువు, అదే జీ లోడ్, లేదు. సరే అని డబ్బా పీకి ల్యాబ్‌కి పంపితే 'తప్పేం లేదు' అని చీటీ కట్టి వెనక్కి పంపుతారు, అది ఇంకో విమానంలో కూర్చుంటుంది, ఇక్కడ స్నాగ్ మాత్రం ఇక్కడే ఉంటుంది. అసలు దొంగ డబ్బా కాదు, దాని వెనకాల ప్లగ్‌లో కొంచెం వెనక్కి జరిగిన పిన్ను, లేదా ఎర్త్ కనెక్షన్ దగ్గర పట్టిన తుప్పు, లేదా 1553 బస్ వైరుకి ఎక్కడో చిట్లిన షీల్డింగ్. ఈ 1553 బస్ అంటే మెలివేసిన వైర్ల జత, దాని మీద ఒక కంట్రోలర్ పెత్తనంలో 31 టెర్మినల్స్ దాకా వంతులవారీగా మాట్లాడుకుంటాయి. ఒక బస్ పోతే ఆదుకోడానికి స్టాండ్‌బైగా ఇంకోటి ఉంటుంది, మంచిదే, కానీ ఒక్కోసారి ఆ ఆదుకోవడం వల్లే అసలు తప్పు దాక్కుంటుంది!

ఇలాంటి చోట సీనియర్ సార్జెంట్ వచ్చి ముందు మీటర్ తీయడు. పోయిన వారం ఈ ప్యానెల్ ఎవరు తెరిచారు, ఏ పని మీద తెరిచారు, రాత్రి వాన పడిందా, ఈ టెయిల్ నంబర్‌కి, అంటే ఇదే విమానానికి, ముందెప్పుడైనా ఇలా వచ్చిందా అని అడుగుతాడు. ఆ ప్రశ్నలు ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. సుఖోయ్-30 ఎంకేఐనే తీసుకోండి, రాడార్ రష్యాది, మిగతా ఏవియానిక్స్‌లో ఫ్రాన్స్‌వి, ఇజ్రాయెల్‌వి, మనవి అన్నీ కలిసుంటాయి. జాగ్వార్ ఫైటర్ 1979లో వచ్చింది, డారిన్ అనే నావిగేషన్, దాడి వ్యవస్థ అప్‌గ్రేడ్లు మూడు తరాలు నడిచాయి, పాతదాని మీద కొత్తది ఎక్కించుకుంటూ పోయిన వైరింగ్ అది. కొత్తగా చేరినోళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే బెళగావి పరేడ్ గ్రౌండ్‌లో ఇది నేర్పరు, టెక్నికల్ పాఠాలు చెప్పే జాలహళ్లి క్లాస్‌రూమ్‌లో సగం కూడా నేర్పలేరు.

ఇప్పుడు లెక్క చూడండి. 2022లో వచ్చిన స్కీమ్‌లో ట్రైనింగ్ కూడా ఆ నాలుగేళ్ళలో భాగమే. అది పోగా యూనిట్‌కి వచ్చాక కొంతకాలం పక్కన ఇంకొకడు నిలబడితేనే పని, సొంత సంతకం ఉండదు. ఫారం 700లో సంతకం పెట్టడమంటే ఆ విమానం మీద పైలట్ ప్రాణానికి పూచీ పడటం, ఊరికే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. తీరా ఆ సంతకానికి చెయ్యి కుదిరే టైముకి నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపిస్తారు, ఉంచుకునేది గరిష్ఠంగా 25 శాతమే. కొత్త కుర్రాళ్ళు తెలివితక్కువోళ్ళని కాదు సుమా, సర్క్యూట్ డయాగ్రమ్ చదవడంలో మాకంటే చురుకు. వాళ్ళకి లేనిది టైమే.

బయటికొస్తే సివిల్‌లో ఎత్తుకుంటారని ఇంకో మాట. హైదరాబాద్‌లో బాలానగర్ హెచ్ఏఎల్ ఏవియానిక్స్ డివిజన్ ఉంది, శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ నడుస్తోంది, బానే ఉంది. కానీ సివిల్ విమానాల్ని చూసే డీజీసీఏ పెట్టిన లైసెన్స్ రూల్స్ కార్-66లో ఏవియానిక్స్‌కి బీ2 లైసెన్స్ కావాలి. మిలిటరీ అనుభవం కొంత లెక్కలోకి వస్తుంది గానీ మాడ్యూల్ పరీక్షలు రాయాల్సిందే, ఆపైన సివిల్ విమానాల మీద మళ్ళీ పనిచేయాల్సిందే. ఫైటర్ రాడార్ బాగుచేసిన మనిషి రిటైరయ్యాక ఏటీఎం ముందు సెక్యూరిటీ డ్రెస్‌లో కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

నన్నడిగితే టెక్నికల్ ట్రేడ్‌లని ఆ 25 శాతం గీత నుంచి తప్పించాలి, పనికొచ్చినవాడిని పనికొచ్చినంత కాలం ఉంచుకోవాలి. అది ఎప్పుడు చేస్తారో, అసలు చేస్తారో లేదో. ఈలోపు మీ ఇంట్లో కుర్రాడెవడైనా ఈ ట్రేడ్‌లో చేరితే, చివర్లో వచ్చే పది లక్షల పైచిలుకు సేవానిధితో స్లాబ్ వేయిద్దామనే లెక్కలు పక్కనపెట్టి, సర్వీసులో ఉండగానే ఆ బీ2 మాడ్యూల్ పుస్తకాలు తెప్పించుకుని చదవమనండి, ఫిజిక్సూ లెక్కలూ మర్చిపోకముందే.