కోటి పెట్టి డీజిల్ ఎందుకు కొంటున్నారు?

బీఎండబ్ల్యూ ఎక్స్5 బ్రోచర్ చూస్తే అంకె తప్పు పడిందేమో అనిపిస్తుంది. పెట్రోల్ 40ఐకి 381 హార్స్‌పవర్, డీజిల్ 30డీకి 286. దాదాపు వంద తక్కువ. అయినా డీజిల్ అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు లెక్కలు రాక కాదు, వాళ్లు చూసే అంకె వేరు.

అది టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. డీజిల్‌లో 650 న్యూటన్ మీటర్లు 1500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే అందుతాయి. పెట్రోల్‌లో 520, అదీ 1850కి చేరాక. 2000 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే డీజిల్ నుంచి సుమారు 185 హార్స్‌పవర్, పెట్రోల్ నుంచి 148 వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ పెట్రోల్‌దే పైచేయి, కాదనలేం. కానీ రెండు టన్నులు దాటిన బండి, లోపల ఐదుగురు, డిక్కీ నిండా సామాను. నార్కట్‌పల్లి దగ్గర లారీని దాటడానికి ఇంజిన్‌ను 5500 దాకా ఎవరు లాగుతారు? పెట్రోల్ బండి రెండు గేర్లు దిగి, ఒక్కసారి గొంతు పెంచి ముందుకు దూకుతుంది. డీజిల్ ఉన్న గేర్‌లోనే తోసుకుపోతుంది. వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్లు లేవరు. లగ్జరీ అంటే సగం ఇదే.

మిగతా సగం, మోటు శబ్దం పోవడం. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటే వాటి కదలికల అదురు ఒకదానికొకటి చెల్లిపోతుంది. అన్ని సిలిండర్లకూ ఇంధనం అందించే ఉమ్మడి గొట్టం, అంటే కామన్ రైల్‌లో 2000 బార్‌కు మించిన ఒత్తిడితో, ఒక్కో మంటకు డీజిల్‌ను చిన్న చిన్న విడతలుగా చిమ్ముతారు. అందుకే పాత గడగడ వినబడదు. 367 హార్స్‌పవర్, 750 న్యూటన్ మీటర్ల మెర్సిడెస్ జీఎల్ఎస్ 450డీలో కూర్చుంటే ఇది డీజిలా అని సందేహం రావడం సహజం.

డబ్బు ఆదా అనే వాదన మాత్రం బలహీనం. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు, పెట్రోల్‌కు 8, డీజిల్‌కు 11 మైలేజీ అనుకుందాం. హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 107 రూపాయలు, డీజిల్ 95 దగ్గరున్న రోజుల ధరతో చూస్తే మిగిలేది 70 వేల చిల్లర. కోటి రూపాయల కారుకు ఏడాది బీమా కూడా రాదు. నిజంగా పనికొచ్చేది దూరం. 80 లీటర్ల ట్యాంకుతో విజయవాడ వెళ్లొచ్చినా ఇంకా 300 కిలోమీటర్లకు సరిపడా మిగులుతుంది.

అసలు చిక్కు పొగగొట్టం వైపు ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఈ బండ్లు డీపీఎఫ్ లేకుండా గట్టెక్కలేవు. మసిని పట్టి ఉంచే ఫిల్టర్ అది. నిండుతుంటే ఇంజిన్ కొంచెం డీజిల్‌ను ఆలస్యంగా చిమ్మి, పొగ వేడిని 600 డిగ్రీల దాకా పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. దీనికి ఆగకుండా 15, 20 నిమిషాల పరుగు కావాలి. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలికి సిగ్నళ్ల మధ్య పాకుతూ వెళ్లి ఆపేస్తే పని మధ్యలో ఆగిపోతుంది. ఇలా పదిసార్లు జరిగితే కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ‘ఆయిల్ తాగట్లేదు, మంచి ఇంజిన్’ అని సంబరపడేది ఇక్కడే. ఆ ఆయిల్ పలచబడింది, వెంటనే మార్చాలి.

బండి ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, నిలబడి ఉండగా ఆర్‌పీఎం కాస్త పెరిగినా, కాలిన వాసన వచ్చినా ఫిల్టర్ శుభ్రమవుతోందని, లేదా ఆ పని మధ్యలో ఆగిందని అర్థం. అప్పుడు ఆపకుండా ఔటర్ రింగ్ రోడ్డెక్కి ఒక అరగంట తిప్పి రావడం మేలు. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. అది ఆయిల్‌లోని రసాయనాల నుంచి వస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిల్ కాకుండా వేరేది పోస్తే ఫిల్టర్ ఆయుష్షు తగ్గినట్టే.

పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ సంగతి చిన్నదే. 32.5 శాతం యూరియా ద్రావణం, వెయ్యి కిలోమీటర్లకు లీటరు, లీటరున్నర. అయిపోతే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు, కాకపోతే చాలా ముందునుంచే హెచ్చరిస్తుంది. ఎరువుల యూరియా నీళ్లలో కలిపి పోయడం మాత్రం వద్దు. పొరపాటున యాడ్‌బ్లూను డీజిల్ ట్యాంకులో పోశారా, ఇగ్నిషన్ కూడా వేయకుండా టో చేయించాలి.

ఆడి మన దేశంలో 2020లోనే డీజిల్‌ను వదిలేసింది. 2024లో వోల్వో ప్రపంచవ్యాప్తంగా ఆపేసింది. సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఢిల్లీ ప్రాంతంలో 2000 సీసీ, ఆపై డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపి, 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుముతో మళ్లీ అనుమతించింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను అక్కడ తిరగనివ్వరన్న భయంతో చవగ్గా అమ్ముడయ్యే బండ్లపై ఇక్కడివాళ్ల కన్ను పడటం మామూలే. ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ కలుపుకున్నాకే బేరమాడాలి. అంతకంటే ముందు స్కానర్ పెట్టించి ఫిల్టర్‌లో మసి ఎంత, బూడిద ఎంత అని అడగాలి. ఐదేళ్లలో 20 వేల కిలోమీటర్లే తిరిగిన డీజిల్ కారు కనబడితే అదృష్టమనుకుంటారు. ఎక్కువగా అనుమానించాల్సింది ఆ కారునే.