జీతం సరే, కాగితం ఏదీ?

బ్రిటన్‌లో స్పౌజ్ వీసా పొడిగింపు గడువు దగ్గరపడిన ఇంట్లో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. బల్ల మీద ఆరు నెలల పే స్లిప్పులు పరిచి ఉంటాయి. పక్కనే బ్యాంక్ స్టేట్‌మెంట్లు. భార్య అంకె చదువుతుంటే భర్త హైలైటర్‌తో గీత గీస్తుంటాడు. స్లిప్పులో ఉన్న నికర జీతం, ఖాతాలో పడిన మొత్తం పెన్నీతో సహా ఒకటేనా కాదా అని చూసుకుంటారు. ఏదో ఒక నెలలో నాలుగు పౌండ్లు తేడా వస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు.

రెండున్నరేళ్లకు పైగా ఒకే కప్పు కింద కాపురం చేసి, నెలనెలా పన్ను కట్టిన జంటకు ఈ తంటా ఎందుకన్నది నా ప్రశ్న. ఆదాయం చూపించమని అడగడంలో తప్పు లేదు. అయితే ఇక్కడ పరీక్ష జరిగేది ఆదాయానికి కాదు, ఆ ఆదాయం నిబంధన చెప్పిన అచ్చులో ఒదిగిందా లేదా అన్నదానికి. ఈ రెండూ ఒకటే అనుకున్న వాళ్లే ఎక్కువగా ఇబ్బందుల్లో పడుతున్నారు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. మనవాళ్లలో చాలామంది డిపెండెంట్ వీసానూ స్పౌజ్ వీసానూ ఒకే గాటన కట్టేస్తారు. స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన వ్యక్తి జీవిత భాగస్వామిది డిపెండెంట్ వీసా, దాని నియమాలు వేరు. బ్రిటిష్ పౌరుడినో, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లనో పెళ్లాడి వచ్చినవాళ్లది స్పౌజ్ వీసా. కనీస ఆదాయ నియమం, దాని వెంట వచ్చే కాగితాల చిట్టా ఈ రెండో రకానివే. పక్కింటాయన పొడిగింపు పదిహేను రోజుల్లో అయిపోయిందని విని ధీమాగా కూర్చునే ముందు ఆయనది ఏ వీసానో అడగడం మంచిది.

కనీస ఆదాయ నియమం 2012 జులై 9న వచ్చింది. అప్పట్లో స్పాన్సర్‌కు, అంటే బ్రిటన్‌లో ఉండి పిలిపించుకునే భాగస్వామికి, ఏడాదికి 18,600 పౌండ్ల స్థూల ఆదాయం ఉండాలన్నారు. పౌరసత్వం గానీ శాశ్వత నివాసం గానీ లేని పిల్లలుంటే మొదటి బిడ్డకు 3,800, ఆపైన ఒక్కొక్కరికి 2,400 కలుపుకోవాలి. 2024 ఏప్రిల్ 11 నుంచి ఆ అంకె 29,000కు ఎగబాకింది, పిల్లల అదనపు లెక్క తీసేశారు. దాన్ని దశలవారీగా 38,700 దాకా పెంచుతామని అప్పటి కన్సర్వేటివ్ ప్రభుత్వం చెప్పింది. తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం పెంపును ఆపి, సమీక్షను వలస సలహా కమిటీకి అప్పగించింది. 38,700 వద్దని ఆ కమిటీ 2025 జూన్‌లో తేల్చి చెప్పింది.

అంకెల బరువు తెలియాలంటే కనీస వేతనంతో పోల్చి చూడాలి. 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 37.5 గంటల చొప్పున ఏడాదంతా పనిచేసినా వచ్చేది దాదాపు 23,800. అంటే ప్రభుత్వమే న్యాయమని నిర్ణయించిన కూలితో పూర్తికాలం పనిచేసే మనిషి, తన జీతం ఒక్కదానితో భార్యనో భర్తనో తెచ్చుకోలేడు. ఈ నియమం మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. కనీస ఆదాయం అడగడం చట్టవిరుద్ధం కాదంటూనే, పిల్లల మేలునూ ఇతర ఆర్థిక వనరులనూ సరిగా లెక్కలోకి తీసుకోలేదని తప్పుపట్టింది. ఆ తర్వాత నియమాల్లో అసాధారణ పరిస్థితుల కోసం ఒక కిటికీ తెరిచారు. అది కిటికీయే, దర్వాజా కాదు.

పొడిగింపుకు వచ్చేసరికి రెండు వర్గాలున్నాయి. 2024 ఏప్రిల్ 11కు ముందే ఈ దారిలో దరఖాస్తు చేసి, అదే భాగస్వామితో కొనసాగుతున్నవాళ్లకు పొడిగింపులోనూ, శాశ్వత నివాసం దగ్గరా పాత 18,600 లెక్కే. ఆ తర్వాత వచ్చినవాళ్లకు 29,000. ఈ ఊరట సంగతి తెలియక 29,000 కోసం రెండో ఉద్యోగంలో చేరి ఒళ్లు హూనం చేసుకునేవాళ్లు ఉంటారు.

మొదటి వీసాకూ పొడిగింపుకూ మధ్య ఇంకో పెద్ద తేడా ఉంది. విదేశం నుంచి వచ్చేటప్పుడు స్పాన్సర్ సంపాదన మాత్రమే చూస్తారు. పొడిగింపులో మాత్రం, బ్రిటన్‌లో పనిచేసే హక్కుతో ఉద్యోగం చేస్తున్న దరఖాస్తుదారు జీతం కూడా కలుస్తుంది. భర్తకు 19,000, కేర్ హోమ్‌లో చేసే భార్యకు 11,000 వస్తే ఇద్దరిదీ కలిపి గట్టెక్కుతుంది. అయితే ఇద్దరి కాగితాలూ విడివిడిగా, పూర్తిగా పెట్టాలి. జీతం కలుస్తుంది గానీ కాగితం కలవదు.

ఆ కాగితం ఎలా ఉండాలో చెప్పేది వలస నిబంధనల్లోని అపెండిక్స్ ఎఫ్‌ఎం-ఎస్‌ఈ అనే అనుబంధం. అసలు కష్టమంతా దానిలోనే ఉంది. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు నిండినవాళ్లది మొదటి తరగతి. ఆరు నెలల పే స్లిప్పులు, అవే నెలలకు జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్లు, యజమాని ఉత్తరం కావాలి. ఉత్తరంలో ఉద్యోగం ఉందనీ, ఏడాది స్థూల జీతం ఇంతనీ, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో, ఈ జీతం ఎప్పటినుంచి ఇస్తున్నారో, ఉద్యోగం పర్మనెంటా కాంట్రాక్టా ఏజెన్సీయా అన్నదీ ఉండాలి. చివరి కాగితం తేదీ దరఖాస్తుకు 28 రోజుల లోపుదై ఉండాలి. హెచ్‌ఆర్ వాళ్లు మామూలుగా ఇచ్చే రెండు వాక్యాల ఉత్తరంలో ఇవన్నీ ఉండవు. అందుకే అడిగేటప్పుడే ఏమేం రాయాలో రాసివ్వాలి. అలా అడగడానికి మనవాళ్లకు మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు వేల పౌండ్లు కావచ్చు.

నెల జీతగాళ్లకు ఒక కొర్రీ ఉంది. ఆరు నెలల్లో అన్నిటికన్నా తక్కువగా ఉన్న జీతం స్థాయినే ఏడాదికి లెక్క కడతారు. ఒకాయనకు మే దాకా 28,000 జీతం, జూన్‌లో 30,000 అయిందనుకుందాం. సెప్టెంబరులో దరఖాస్తు చేస్తే లెక్కకు వచ్చేది 28,000. ప్రమోషన్ వచ్చిన సంతోషంలో స్వీట్లు పంచిన మనిషి, కాగితం మీద అర్హత లేనివాడవుతాడు. కొత్త జీతంతో ఆరు స్లిప్పులు చేతికొచ్చే దాకా ఆగడం ఒక దారి. ఆగడానికి వీసా గడువు ఒప్పుకోకపోతే రెండో తరగతి కింద చూపించాలి. దానికి ఇప్పటి జీతం పరిమితిని దాటాలి, అది చాలక గడిచిన పన్నెండు నెలల్లో నిజంగా చేతికొచ్చిన సంపాదన కూడా పరిమితిని దాటాలి. ఉద్యోగం మారినవాళ్లదీ ఇదే తిప్పలు. సాఫ్ట్‌వేర్‌లో ఒక కంపెనీ తీసేస్తే రెండు నెలల్లో ఇంకా మంచి జీతానికి మరో కంపెనీలో చేరేవాళ్లు కొత్త కాదు. మధ్యలో ఆ రెండు నెలల ఖాళీ పన్నెండు నెలల లెక్కను కిందికి లాగేస్తుంది.

సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని కాంట్రాక్టులు చేసే ఐటీ వాళ్ల కథ వేరు. పన్ను తగ్గించుకోవడానికి చిన్న జీతం, కొంత డివిడెండ్ తీసుకుని మిగతాది కంపెనీ ఖాతాలోనే ఉంచుతారు. అకౌంటెంట్ చెప్పింది పన్ను విషయంలో సరైన మాటే. కానీ కంపెనీ ఖాతాలో లక్ష పౌండ్లు మూలుగుతున్నా అది మీ ఆదాయం కిందికి రాదు, మీరు తీసుకున్నదే ఆదాయం. పైగా వీళ్లకు ఆరు నెలల లెక్క చెల్లదు. పూర్తయిన ఆర్థిక సంవత్సరం పత్రాలన్నీ పెట్టాలి. తక్కువైన దాన్ని సొంత పొదుపుతో పూడ్చుకునే వీలూ ఈ తరగతికి లేదు. పన్ను ఆదా చేసిన తెలివి వీసా దగ్గర ఎదురు తిరుగుతుంది.

ఉద్యోగుల విషయంలో పొదుపు పనికొస్తుంది గానీ ఆ లెక్క కొంచెం విచిత్రం. మొదటి 16,000 పౌండ్లను అసలు పట్టించుకోరు. ఆపైన ఉన్నదాన్ని రెండున్నరతో భాగిస్తారు. 29,000 ఉండాల్సిన చోట 25,000 సంపాదిస్తుంటే తగ్గింది 4,000. దాన్ని పూడ్చడానికి పదివేలు, దానికి ముందు ఆ పదహారువేలు, మొత్తం 26,000 పౌండ్లు ఖాతాలో ఉండాలి. ఆదాయమే లేనివాళ్లయితే 88,500. పాత లెక్కలోని వాళ్లకు 62,500. ఈ డబ్బు ఆరు నెలలు మీ అధీనంలో ఉండి ఉండాలి.

ఇక్కడే ఇండియా నుంచి వచ్చే డబ్బు ప్రస్తావన వస్తుంది. నాన్న ఊళ్లో స్థలం అమ్మి పంపించాడంటే, అది అప్పు కాదు కానుక అని తేలాలి, ఆరు నెలలు ఖాతాలో నిలవాలి. మీ పేరనే ఉన్న ఆస్తిని మీరే అమ్మితే ఆరు నెలల నియమానికి కొంత సడలింపు ఉంది. కానీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ధరకే ఆ సడలింపు. మన దగ్గర స్థలం అమ్మకాల్లో కాగితం మీద కొంత, చేతికి కొంత అన్నది బహిరంగ రహస్యం. ఆ చేతికి వచ్చిన సగానికి లండన్‌లో విలువ లేదు. హైదరాబాద్ ఫ్లాటు అద్దె కూడా లెక్కలోకి వస్తుంది, బ్యాంకులో పడితే, ఒప్పందపత్రం ఉంటే. నెలనెలా మామయ్య చేతికి నగదుగా అందే అద్దెను ఏ కేస్ వర్కరూ నమ్మడు.

డబ్బు గొడవ అలా ఉంటే, కలిసి ఉంటున్నామని చూపించడం మరో ఘట్టం. గడిచిన రెండేళ్ల వ్యవధిలో వచ్చిన ఆరు ఉత్తరాలు, కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి, ఇద్దరి పేరునా గానీ ఇద్దరికీ విడివిడిగా అదే చిరునామాకు గానీ వచ్చినవి పెట్టమంటారు. మన ఇళ్లలో కరెంటు బిల్లు ఆయన పేరు, కౌన్సిల్ ట్యాక్స్ ఆయన పేరు, ఇంటి అద్దె ఒప్పందం ఆయన పేరు. ఆవిడ పేరున వచ్చేది జీపీ సర్జరీ, అంటే పేటలోని డాక్టరు క్లినిక్, నుంచి ఒక ఉత్తరం, అంతే. రెండున్నరేళ్లు ఇల్లు నడిపిన మనిషికి ఆ ఇంట్లో ఉన్నట్టు రుజువు లేదు! వీసా కోసం కాకపోయినా, ఇద్దరి పేరునా బిల్లులు ఉండాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. కాపురం చెడితే ఆ కాగితాలే ఆమెకు ఆసరా.

పేర్ల తకరారు మనకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, జీతం చీటీలో పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకులో ముందు వెనుకలవుతుంది. తెలుగువాళ్లకు అదంతా ఒకే మనిషని చూడగానే తెలుస్తుంది. అధికారికి తెలియదు. ఒక వివరణ ఉత్తరం జతచేస్తే పోయేదేమీ లేదు.

ఇంత చేశాక ఒక కాగితం తప్పిపోతే? వరుసలో ఒక స్టేట్‌మెంట్ లేకపోతే అధికారి దరఖాస్తుదారును అడిగి తెప్పించుకోవచ్చు అని నిబంధనల్లో ఉంది. తెప్పించుకోవాలి అని లేదు. ఆ ఒక్క క్రియాపదంలోనే జంటల భవితవ్యం వేలాడుతుంది. ఆదాయం రుజువు కాలేదన్నారంటే, కుటుంబ జీవితం ప్రాతిపదికన ఉండనిచ్చినా, శాశ్వత నివాసానికి చేర్చే ఐదేళ్ల దారి నుంచి పదేళ్ల దారికి మార్చవచ్చు. 2025 ఏప్రిల్ ధరల ప్రకారం ఒక్క పొడిగింపు దరఖాస్తుకే 1,321 పౌండ్లు, రెండున్నరేళ్ల ఆరోగ్య సర్‌చార్జి 2,587.50. పదేళ్ల దారిలో పడితే ఇలాంటి చెల్లింపులు మరిన్ని.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. బ్రిటన్‌లో యజమానులు జీతం ఇచ్చిన ప్రతిసారీ ఆ వివరాలను పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి పంపుతారు. 2013 నుంచి ఈ పద్ధతి ఉంది. ఎవరికి ఏ నెలలో ఎంత వచ్చిందో ప్రభుత్వం కంప్యూటర్‌లోనే ఉంది. బ్రెగ్జిట్ తర్వాత ఐరోపా పౌరుల నివాస హక్కుల కోసం పెట్టిన పథకంలో, వీసాలు చూసే హోం ఆఫీస్ ఈ సమాచారాన్నే వాడింది. పన్ను, సంక్షేమ లెక్కల కోసం ప్రతి ఒక్కరికీ ఉండే నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇస్తే పన్ను, సంక్షేమ శాఖల రికార్డులను యంత్రమే చూసి, ఎన్నాళ్లుగా ఉంటున్నారో తేల్చేది. రికార్డులో లేని నెలలకే కాగితాలు అడిగేవారు. లక్షలాది మంది అలా బయటపడ్డారు. స్పౌజ్ వీసా పొడిగింపులో అదే నంబర్ తీసుకుంటారు, అదే శాఖతో సరిచూసే హక్కూ ఉంచుకుంటారు. కానీ ఆ సరిచూడటం పెట్టిన కాగితాలను పరీక్షించడానికే, దరఖాస్తుదారు పని తేలిక చేయడానికి కాదు.

మోసాలు జరుగుతాయి కాబట్టి కాగితాలు కావాలంటారు. ఒప్పుకుంటాను, దొంగ స్లిప్పులు తయారుచేసేవాళ్లు ఉన్నారు. అయితే దొంగ స్లిప్పును పట్టుకోవడానికి పన్ను రికార్డు కన్నా మంచి సాధనం ఏముంది? పీడీఎఫ్‌ను మార్చడం తేలిక, హెచ్‌ఎంఆర్‌సీ లెక్కను మార్చడం కష్టం. మామూలు జీతగాళ్ల వరకైనా రికార్డు చూసి సరిపోతే అక్కడితో వదిలేసి, స్వయం ఉపాధి వాళ్లను, నగదు పొదుపు చూపేవాళ్లను మాత్రమే పత్రాలు అడిగితే, అధికారుల సమయం కూడా మిగులుతుంది.

ఈ మాట ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. విదేశం నుంచి వచ్చేవాళ్లకు మొదటి వీసా 33 నెలలది. 29,000 నియమం కింద 2024 మధ్య నుంచి వీసా పొందినవాళ్ల తొలి బ్యాచ్ 2027లో పొడిగింపు కోసం ఆ బల్ల దగ్గర కూర్చుంటుంది. వాళ్లలో కొందరికి ఈలోపు పిల్లలు పుట్టి ఉంటారు. ప్రసూతి సెలవుకు ముందరి ఆరు నెలల జీతాన్ని చూపించవచ్చన్న వెసులుబాటు ఉంది, ఆ సంగతి ఎంతమందికి తెలుసో మరి. 18,600 నాడు అటూ ఇటూగా గట్టెక్కిన చిన్న తేడాలు, పదివేలు పెరిగిన గీత దగ్గర గట్టెక్కవు. ఆ కొత్త పే స్లిప్పుల లెక్క ఇప్పుడే మొదలుపెట్టాలి, హైలైటర్ తర్వాత కొనుక్కోవచ్చు.