పిల్లికి అన్నం పెడితే ఫైన్ అని ఏ చట్టంలో ఉంది?

కడపలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కాగితం అంటించారు: వీధి పిల్లులకు తిండి పెడితే 500 రూపాయల ఫైన్. అడిగితే "సుప్రీంకోర్టే చెప్పింది కదా" అంటున్నారు. అది వీధి కుక్కల కేసు. 2025 ఆగస్టు 22 నాటి ఆ ఉత్తర్వు కూడా తిండే పెట్టొద్దని అనలేదు. రోడ్ల మీద పెట్టొద్దు, ప్రతి వార్డులో దానికంటూ చోటు చూపించండి అంది.

చదవాల్సింది 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు. యజమాని లేని జంతువుల తిండికి ఏర్పాటు చూడాల్సింది అసోసియేషనే అని 20వ నియమం చెబుతోంది. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, గేటు కాకుండా వేరే చోటు చూడాలి, టైమ్ పెట్టాలి. పెట్టినవాళ్లు అక్కడ చెత్త చేయకూడదు. ఫైన్ మాట అందులో ఎక్కడా లేదు.

ఇంతకీ ఈ కాగితం ఎవరి మీదంటే, కింద ఫ్లాట్ బూబమ్మ మీద. సాయంత్రం నమాజయ్యాక చేప తలకాయలు ఉడికించి, ముల్లు లేకుండా వేళ్లతో నలిపి, అన్నంలో కలిపి పార్కింగ్ మూలలో పెడుతుంది. తిన్నాక పేపర్ తీసి, నీళ్లు పోసి చీపురుతో కడుగుతుంది. ఈగలూ వాసనా ఆమె వల్ల కాదు, పై అంతస్తుల నుంచి మిగిలిన సాంబారన్నం కవర్లలో కట్టి విసిరేవాళ్ల వల్ల. వాళ్లను అడగండి, నేనూ వస్తాను.

తిండి ఒక్కటే పెడితే పిల్లులు పెరుగుతాయన్నది మాత్రం నిజం. ఆడపిల్లి ఐదారు నెలలకే చూలు కడుతుంది, రెండు నెలలు మోసి నాలుగైదు కూనలను పెడుతుంది. అందుకే వాటిని బోనులో పట్టి, కూనలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి దొరికితేనే పిల్లి బోను దాకా వస్తుంది. తిండి ఆపితే అవి ఊరు వదిలిపోవు, చెత్తకుండీల చుట్టూ చెదిరిపోతాయి. ఇక పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

గ్రూప్‌లో ఒకాయన "మందు పెడితే సరి" అని రాశారు, దానికి నవ్వు ఎమోజీలు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నా, విషం పెట్టి జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. నవ్వే మాట కాదిది.

సెక్రటరీ గారికి రాసి ఇచ్చాను: కాగితం తీసేయండి, జనరేటర్ వెనక గోడ పక్కన చోటు ఇవ్వండి, ఆపరేషన్లకు ఇంటికి వంద వేసుకుందాం. మొదటి పిల్లి ఖర్చంతా నాది.