మహారాజరాజశ్రీ ఆపరేషన్ తేదీ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

నా గుండె కవాటం మార్చడానికి నిర్ణయమైన తమరు నిన్న మధ్యాహ్నం మళ్ళీ రాలేదు. ఆ సంగతి చెప్పడానికి వచ్చిన నర్సమ్మ, "అత్యవసరంగా ఇంకో కేసు వచ్చిందండీ, మీది వాయిదా వేశారు" అని, పొద్దుటి నుంచి నా చేతికి గుచ్చి ఉంచిన సూదిని తీసేసి, ఆ చోట దూది పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోమంది. ఆమె తప్పేమీ లేదు. వచ్చిన మనిషి తప్పు అసలే లేదు. ఆయనకు మహాధమని పొర చీలిందని తరువాత విన్నాను, అటువంటి వారిని ఆపి నన్ను ముందు తీసుకువెళ్ళమనేంత కఠినాత్ముణ్ణి కాను. తప్పు ఎవరిదీ కానప్పుడు కోపం ఎవరి మీద చూపాలో తెలియక, క్యాలెండరులో ఎర్ర సిరాతో సున్నా చుట్టించుకుని దర్జాగా కూర్చున్న తమరికే ఈ లేఖ రాసుకుంటున్నాను.

తమ రాకకు నేను చేసిన ఏర్పాట్లు తమకు తెలియనివి కావు. నోటిలో చీము ఉంటే అక్కడి సూక్ష్మజీవులు రక్తంలో కలిసి కొత్త కవాటాన్ని పట్టుకుంటాయని చెప్పగానే, దంతవైద్యుని వద్దకు వెళ్ళి ఒక దవడపన్నును తమకు ముందస్తు నజరానాగా సమర్పించుకున్నాను. మూడు బంతుల ఊపిరి పరికరం కొని, గొట్టం నోట పెట్టుకుని గాలి లాగి, మొదటి బంతిని లేపి, రెండవదానిని లేపి, మూడవది అడుగునే కాస్త వణికి ఊరుకుంటే దానిని బతిమాలుకున్నాను. రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి క్రిమిసంహారక ద్రావణంతో స్నానం చేసి, మెడ నుంచి మోకాళ్ళ దాకా వెంట్రుకలు తీయించుకుని, సబ్బు నురగ పూసి లాగితే గాని రాని ఉంగరాన్ని ఊడదీసి, వీపున ముడులు వేసుకునే ఆకుపచ్చ గౌను తొడుక్కున్నాను. (ఆ ముడులను తన చేత్తో తాను వేసుకోగలిగిన రోగి ఇంకా పుట్టి ఉండడు.)

అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరాదన్న నియమం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. మామూలుగా మత్తు ఇచ్చే సమయానికి 2 గంటల ముందు వరకు మంచినీళ్ళు తాగవచ్చనీ, తేలికపాటి ఆహారానికి 6 గంటల ఎడం చాలుననీ మత్తు వైద్యుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. అయితే తమరు ఉదయం దయచేస్తారో మధ్యాహ్నం దయచేస్తారో ఎవరికీ తెలియదు కనుక, ఎందుకైనా మంచిదని అందరి నోళ్ళూ అర్ధరాత్రి నుంచే ఎండగడతారు. పోనీయండి, అది చిన్న సంగతి. యాంత్రిక కవాటమైతే జీవితాంతం రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రలూ, అది సరిపడా పలచబడిందో లేదో చూసే ఐఎన్ఆర్ పరీక్షలూ, ఆవు గుండెపొరతోనో పంది కవాటంతోనో చేసినదైతే కొన్నేళ్ళకు అది అరిగిపోయి మళ్ళీ తమ దర్శనమూ తప్పవని వివరించి, "నిర్ణయం మీదే" అని నా చేతిలో పెట్టి వెళ్ళిన మర్యాదను కూడా ఇక్కడ ప్రస్తావించను.

అసలు బాధ వేరు. సర్జను గారు నాకు ఏదీ దాచలేదు. రొమ్ముటెముకను నిలువునా కోస్తామనీ, రక్తాన్ని గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే యంత్రం మీదికి మళ్ళించి, పొటాషియం కలిపిన ద్రావణంతో గుండెను ఆపుతామనీ, పాత కవాటాన్ని కత్తిరించి కొత్తదానిని కుట్టి, గుండె మళ్ళీ కొట్టుకున్నాక ఎముకను ఉక్కు తీగలతో బిగిస్తామనీ బొమ్మ గీసి మరీ చెప్పారు. 1953లో జాన్ గిబ్బన్ అటువంటి యంత్రం సాయంతో తొలిసారి గుండె ఆపరేషన్‌ను విజయవంతంగా ముగించాడనీ, 1960 నుంచి గుండెలో కృత్రిమ కవాటాలు అమరుస్తూనే ఉన్నారనీ చదువుకుని, ఇన్నేళ్ళ అనుభవమంతా నా కోసమే పోగైందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నాబోటి వాళ్ళలో నూటికి ఇద్దరికో ముగ్గురికో ప్రమాదం ఉండవచ్చన్నారు. పగటిపూట నేను మిగిలిన తొంభై ఏడుగురిలో హాయిగా కూర్చునేవాణ్ణి. రాత్రి దీపం ఆర్పగానే ఆ ముగ్గురూ నా మంచం మీదికే వచ్చేవారు. "ఈ రోజుల్లో ఇవన్నీ మామూలేనండీ" అని పరామర్శించి వెళ్ళిన బంధువులలో ఒక్కరి రొమ్మునూ ఇంతవరకు ఎవరూ కోయలేదన్న సంగతి కూడా నాకు రాత్రిపూటే గుర్తుకు వచ్చేది.

అయినా భయానికి ఒక గడువు ఉంది కదా అని ఓర్చుకున్నాను. ఫలానా రోజు దాకా భయపడితే చాలు, ఆ పైన మత్తు వైద్యుడు చూసుకుంటాడు అనుకుని, ఉన్న ధైర్యమంతా నిన్నటి ఉదయానికి పోగుచేసి పెట్టుకున్నాను. బ్యాంకు ఖాతాల వివరాలూ, బీమా కాగితాలూ, ఎవరికి ఏమి చెప్పాలో రాసిన ఒక చీటీ ఒక కవరులో పెట్టి మా ఆవిడకు ఇచ్చాను. ఆవిడ దానిని తెరవలేదు, ఎక్కడ దాచిందో ఇప్పటికీ చెప్పదు. ధైర్యం బ్యాంకులో వేసుకునే డబ్బు కాదయ్యా, ఈ రోజు తీయకపోతే రేపు వడ్డీతో కలిపి ఇవ్వడానికి. నిన్నటి కోసం కూడబెట్టినది నిన్ననే ఖర్చయిపోయింది.

అంతకంటే ఘోరమైనది ఇంకొకటి జరిగింది. వాయిదా అనగానే నాకు ముందుగా వచ్చినది కోపం కాదు, సంతోషం. సూది తీసిన చేతిని నొక్కి పట్టుకుని, ఇంటివాళ్ళ ముందు ముఖం దిగులుగా పెట్టుకుని, లోపల మాత్రం బడికి సెలవిచ్చిన పిల్లవాడినైపోయాను. ఆ సంతోషం కారు ఎక్కేదాకా కూడా నిలవలేదు. కానీ దాని రుచి తెలిసింది. ఇక ఈసారి పడక మీద పడుకుని, తలుపు వైపు చూస్తూ, మళ్ళీ ఎవరైనా వచ్చి వద్దని చెబుతారేమోనని ఎదురుచూస్తాను. ఆపరేషన్‌కు ఒప్పుకున్న మనిషిని ఆశపోతును చేసి పంపావు. దీనిని మాత్రం నేను క్షమించలేను.

అవును, నువ్వే. మర్యాద ఇక చాలు. నీకు వాయిదాలు ఉన్నాయి, నా కవాటానికి లేవు. మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవలసిన ద్వారం ఒక్క చదరపు సెంటీమీటరుకు లోపే తెరుచుకుంటోందని ఎకో పరీక్షలో రాసి ఉంది. ఆ సందులోనుంచే గుండె రోజుకు దాదాపు లక్షసార్లు రక్తాన్ని నెట్టుకుంటూ ఉంటుంది. అది ఎమర్జెన్సీ కేసులు వచ్చాయనో, ఐసీయూలో పడక ఖాళీ కాలేదనో ఒక్కసారైనా ఆగి చూడదు. ఆగితే ఏమవుతుందో నీకూ తెలుసు. ఇంటికి పంపుతూ నా చేతికి ఒక కాగితం ఇచ్చారు: ఆయాసం పెరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా వచ్చేయాలట. అంటే నువ్వు పిలిస్తే నేను రావాలి, లేదా నేను పడిపోతే నువ్వు రావాలి. ఈ ఒప్పందంలో నా సంతకం ఎక్కడుందో చూపించు.

ఇంత తిట్టినా, కొత్త తేదీ చెప్పమని ఆసుపత్రికి పొద్దున్నే ఫోను చేసినవాణ్ణి నేనే. నువ్వు లేని క్యాలెండరు వైపు చూడడం నీ వైపు చూడడం కంటే కష్టంగా ఉంది. వచ్చే వారంలో ఎప్పుడో ఉండవచ్చని అన్నారు. ఒక్కటే షరతు: వచ్చేటట్లయితే పొద్దున్నే, మొదటి కేసుగా రా. రాత్రి ఎవరైనా ప్రాణం మీదికి వచ్చి చేరి ఉంటే ఆ సంగతి తెల్లవారేలోపే తేలిపోతుంది. నేను కూడా ఆ గౌను తొడుక్కోకముందే మంచినీళ్ళు తాగి ఇంటిముఖం పడతాను. మధ్యాహ్నం దాకా ఎదురుచూపులు మాత్రం ఇక నా వల్ల కాదు.

ఇట్లు,
నీ జాబితాలో రెండవ పేరు